స్టీరింగ్‌తో కొట్లాడకు

అద్దాల షాపులో అందరూ ఆమెను కొలతమ్మ అనే పిలుస్తారు. టీ గ్లాసు బల్ల మీద పెట్టినా అంచుకు ఎంత దూరంలో ఉందో చూసుకుని గాని చెయ్యి తీయని మనిషి. కార్లకు పగిలిపోయిన ముందద్దాలు తీసి కొత్తవి బిగించడం ఆ షాపు పని. బిగించాక, అద్దం వెనక నక్కినట్టుండే చిన్న కెమెరాకు దారి చూడ్డం మళ్ళీ నేర్పడం కొలతమ్మ పని. కొత్త కార్లలో ఆ కెమెరాయే రోడ్డు మీది తెల్లగీతలు చూసి, బండి పక్కకు పోతుంటే స్టీరింగ్‌ని లోపలికి తోస్తుంది. అద్దం మారిస్తే దాని చూపు వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. అందుకని బండి ముందు నలుపు తెలుపు గళ్ళ బోర్డు ఒకటి నిలబెట్టి, ఇదిగో, నీకు తిన్నగా అంటే ఇదీ అని దానికి చూపించాలి.

ఆ రోజు ఆమె చూపించింది సొంత ఇంటి బండికే. లారీ టైరు కింది రాయి ఎగిరి అద్దం మీద పడితే మార్చాల్సి వచ్చింది. ఆడపడుచు చిట్టికి కొండల అవతలి ఊళ్ళో కొత్తగా ఉద్యోగం. సెలవులని మేనకోడల్ని కూడా వెంట తీసుకుపోతోంది. కొలతమ్మ కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. ఒక్క చోట కూర్చోదు, ఒక్క క్షణం నోరు మూయదు.

చిట్టి డ్రైవింగ్ నేర్చుకుని ఎన్నాళ్ళో కాలేదు. తాళాలు తీసుకుంటూ గొణిగింది.

"వదినా, ఆ స్టీరింగ్ నా చేతుల్లోంచి లాక్కున్నట్టుంటుంది. ఒళ్ళు జలదరిస్తుంది నాకు."

"లాక్కోదే. వేలు పట్టుకుని నడిపించినట్టు చిన్నగా తోస్తుంది, అంతే. నువ్వేమో అది తోసినప్పుడల్లా ఉలిక్కిపడి ఎదురు లాగుతావు. దాంతో కొట్లాడకు. అది నీకంటే బాగా చూస్తుంది."

"అంటే నాకు కళ్ళు లేవనా?"

"ఉన్నాయిలే. ఒకటి నీ జుట్టు మీద, ఇంకోటి నీ ఫోను మీద."

"ఫోను బ్యాగులో పెట్టి డిక్కీలో పడేశా తల్లీ. నీ పోరు పడలేక."

"అమ్మా, అత్త నడిపితే నేను కళ్ళు మూసుకుంటా" అంది వెనకసీట్లోంచి పిచ్చుక.

"మూసుకోవే. నేనూ మూసుకుంటా, ఇద్దరం సమానం అవుతాం" అంది చిట్టి.

"కళ్ళు తెరుచుకునే పొండి ఇద్దరూ" అని కొలతమ్మ కారు తలుపు వేసింది. బండి మలుపు తిరిగాక లోపలికి వచ్చి బోర్డు మడిచి గోడకు ఆనించింది. చేతులు కడుక్కుని టీ పోసుకుంటోంది. అప్పుడొచ్చాడు పుట్టీ బాబాయ్.

పక్క షెడ్డులో బంపర్లకు సొట్టలు తీసి రంగులు వేసే పెద్దాయన అతను. మాట్లాడ్డం మొదలుపెడితే పుట్టీ పెట్టినట్టే, ఎక్కడా సందు వదలడు.

"అదేంటమ్మాయ్, మీ బండి అప్పుడే పోయిందా? ఆ లోగో సరిచేసిద్దామని గమ్ము తెచ్చానే!"

"ఏ లోగో?"

"ముందుది. మొన్నామధ్య మీ ఆయన బండిని గేటుకి ముద్దెట్టించాడు కదా, నేనే బంపరు కొత్తది వేశా. లోగో అంటించి, ఆరేదాకా కదపొద్దురా నాయనా అంటే విన్నాడా? డ్యూటీకి టైమైందని వేసుకుపోయాడు. మర్నాడు చూస్తే జారి కూర్చుంది. ఎవరు చూస్తార్లే అన్నాడు. నిజమేలే, రెండు వేళ్ళు పక్కకుంటే ఎవరికి కనపడుతుంది..."

కొలతమ్మ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేసింది. అంచుకు ఎంత దూరంలో ఉందో చూసుకోలేదు.

"ఎటు వైపు జారింది బాబాయ్?"

"ఎటైతే ఏంటే?"

"ఎటు వైపు?"

ఆ గొంతు విని ఆయన సీట్లో కూర్చున్నట్టు చేతులు ముందుకు చాపి ఆలోచించాడు. "డ్రైవరు సీట్లో కూర్చుంటే... ఎడమ చేతి వైపు."

ఆమె గోడకు ఆనించిన బోర్డు వైపు తిరిగింది.

గళ్ళ బోర్డును బండికి సరిగ్గా నడిమధ్యన నిలబెట్టాలి. అందుకు కంపెనీ వాళ్ళు చెప్పిన పద్ధతి చక్రాలకు బిగింపులు పెట్టి కొలవడం. ఆ సామానంతా షాపులో ఉంది. కాని దాన్ని బిగించి విప్పేసరికి సగం పూట అవుతుంది. కొలతమ్మ దానికో దగ్గరి దారి కనిపెట్టింది. ముందు లోగో నుంచి దారానికి కట్టిన ఇత్తడి గుండు కిందికి వదిలి నేల మీద సుద్దముక్కతో చుక్క పెడుతుంది. వెనక లోగో నుంచీ అలాగే. రెండు చుక్కల్నీ కలుపుతూ దారం లాగి, దాన్ని ముందుకు సాగదీస్తే నడిమి గీత వచ్చేస్తుంది. ఓనరు ఆమెను మెచ్చుకుని, వచ్చిన ప్రతివాడికీ ఆ దారం చూపించేవాడు. లోగో బండికి నడిమధ్యన ఉంటుందన్న నమ్మకం మీద నిలబడ్డ పద్ధతి అది. ఆ లోగోయే జరిగితే?

దారం ఎడమకు పోయింది. బోర్డూ ఎడమకే పోయింది. పక్కకున్న దాన్ని చూపించి, ఇదే తిన్నగా అని ఆమె కెమెరాకు నేర్పింది. కెమెరా నమ్మింది. కెమెరాను సరిచూసే మెషీను తెర మీద పచ్చ టిక్కు కూడా పడింది.

ఆమె చిట్టికి ఫోను చేసింది. రింగు పోతూనే ఉంది. డిక్కీలో, బ్యాగులో, బట్టల మధ్యన మోగుతోందని తెలిసి కూడా మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది. భర్తకు చేస్తే స్విచాఫ్. ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర అతని డ్యూటీ, అక్కడ ఫోన్లు ఉంచుకోనివ్వరు.

"బాబాయ్, టోయింగ్ బండి తాళాలు నీ దగ్గరేగా?"

"ఉన్నాయి. ఎందుకు?"

ఆమె అప్పటికే బయటికి పరుగెత్తుతోంది.

చెడిపోయిన కార్లను ఎక్కించుకొచ్చే ఆ బండిని షాపులో ఏనుగు అంటారు. అరుపు ఎక్కువ, నడక తక్కువ. బాబాయ్ తోలుతుంటే కొలతమ్మ పక్కన కూర్చుంది. సిగ్నళ్ళన్నీ కక్షగట్టినట్టు ఎర్రగా నిలబడ్డాయి.

"నాకు అర్థం కాక అడుగుతా. ఎదురుగా రోడ్డు కనపడుతుంటే ఆ పిల్ల తిన్నగా తోలుకోలేదా? కెమెరా ఎటు చూస్తే ఏంటి?" అన్నాడు బాబాయ్.

"చూడ్డంతో ఆగదు బాబాయ్. రెండు పక్కలా గీతల్ని చూసి, ఈ రెంటికీ మధ్య ఎక్కడా అని లెక్క కట్టుకుంటుంది. బండి అక్కడ లేదనిపిస్తే స్టీరింగ్‌కున్న మోటారుతో తోస్తుంది. ఇప్పుడు దానికి బండి తిన్నగా పోతున్నా ఎడమకు పోతున్నట్టే కనిపిస్తుంది. అందుకని కుడికి తోస్తుంది."

"కుడికంటే..."

"ఎదురొచ్చే బళ్ళ మీదికి."

బాబాయ్ గేరు మార్చి ఇంకా గట్టిగా తొక్కాడు.

"గట్టిగా తోస్తుందా?" అన్నాడు.

"లేదు. పసిపిల్ల తోసినంత. చేత్తో కాస్త అదిమి పట్టుకుంటే చాలు, మనిషి మాటే వింటుంది. ఇండికేటర్ వేసినా వదిలేస్తుంది. బటన్ నొక్కితే అసలు పనే చెయ్యదు."

"మరింకేం! చిట్టి ఆమాత్రం పట్టుకోలేదా? దిట్టంగానే ఉంటుంది కదా!"

"పట్టుకుంటుంది బాబాయ్. నేనే వద్దన్నా." ఆమె మళ్ళీ చిట్టి నంబరు నొక్కింది. "దాంతో కొట్లాడకు, అది నీకంటే బాగా చూస్తుంది అని చెప్పి పంపా. ఆ పిల్ల నా మాట జవదాటదు. తోస్తుంటే పోనిస్తుంది."

ఏనుగు కేకలు పెడుతూ ఊరి చివర వంతెన వైపు మళ్ళింది. అక్కడ పాతరోడ్డు. తారు పైకి లేచిపోయి, గీతలు అరిగిపోయి, ఎక్కడో ఒకచోట తెల్లటి మరకలా మిగిలాయి. కొలతమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి ఆ నేలనే చూస్తోంది. గీత లేని ప్రతి చోటా ఆమెకు ఊపిరి ఆడుతోంది. గీతలు కనపడకపోతే కెమెరా చేతులెత్తేస్తుంది, స్టీరింగ్ జోలికి రాదు. గతుకులు వస్తే ఇంకా మంచిది, చిట్టి నెమ్మదిగా పోతుంది. ఆ కెమెరా బండి వేగం అందుకుంటే గాని నిద్ర లేవదు. ఈ రోడ్డును ఇన్నాళ్ళూ తిట్టని రోజు లేదు. ఇప్పుడు అది ఎంత పాడైపోయి ఉంటే అంత చేతులెత్తి మొక్కాలనిపించింది.

"ఇలాగే కొండదాకా ఉంటే బాగుండు" అంది.

"ఉండదమ్మాయ్. వంతెన దాటితే కొత్తరోడ్డు. మొన్ననే వేశారు."

వంతెన దాటారు. నల్లటి నున్నటి రోడ్డు, అంచుల్లో పాలు పోసినట్టు తెల్లటి గీతలు, మధ్యలో ఇంకో గీత. ఎంత బాగా వేశారో. ఏ కెమెరాకైనా ఇంతకంటే ఏం కావాలి? మధ్యలో గోడ లేదు, దిమ్మె లేదు. కొండరాయి నింపుకున్న లారీలు ఎదురుగా ఒకదాని వెనక ఒకటి దూసుకొస్తున్నాయి. ఒక్కొక్కటి పక్కనుంచి పోతుంటే ఏనుగంతా ఊగిపోతోంది.

"తొక్కు బాబాయ్."

"తొక్కుతూనే ఉన్నానే! ఇంకా తొక్కితే నా కాలు కిందికి దిగి రోడ్డు మీద పరుగెత్తాలి."

వేరే రోజైతే ఆమె నవ్వేది. ఇప్పుడు అదే పనిగా ఫోను చేస్తోంది. మధ్యలో పోలీసు నంబరుకూ చేసింది. ఏం జరిగింది అని అడిగారు. ఇంకా ఏమీ జరగలేదండీ, జరుగుతుంది అంది. బండి నంబరు చెప్పింది, ఆ బండిని ఆపండి అంది. ఎవరైనా ఎత్తుకెళ్ళారా అన్నారు. లేదండీ, మా ఆడపడుచే అంది. అవతలి మనిషి నిట్టూర్చి, చూస్తాంలెండి అన్నాడు. ఆ మాట అన్న తీరుకే తెలిసిపోయింది, చూడరని.

ఓ వంపు తిరిగాక రోడ్డు పక్కన లారీ ఒకటి ఆగి ఉంది. డ్రైవరు కిందికి దిగి, లారీ పక్కభాగం మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ ఎవరినో బండబూతులు తిడుతున్నాడు. అతని కాళ్ళ దగ్గర పగిలిన అద్దం ముక్కలు, బూడిదరంగు ప్లాస్టిక్ తొడుగు. కారు చెవి అది. ఆ రంగు కొలతమ్మకు తెలుసు. ఏనుగు పూర్తిగా ఆగకముందే దూకేసింది.

"ఏమైంది అన్నా? ఆ కారేది?"

"నీకు తెలిసినోళ్ళా?" అతను ఆమె మీదికే వచ్చాడు. "ఎవరామె? కళ్ళు నెత్తికెక్కాయా? ఖాళీ రోడ్డు పెట్టుకుని నెమ్మదిగా, నెమ్మదిగా నా మీదికే వస్తోంది. హారన్ కొట్టా, లైట్లు కొట్టా. నిద్రపోతోందేమో అనుకున్నా. ఆఖరికి ఎటో లాగింది. అద్దం ఒక్కటే పోయింది. నేను పక్కకి తిప్పకపోతే..."

"ఎటు పోయింది?"

"అటే. ఆగలేదు. ఊగుకుంటూ పోయింది."

మళ్ళీ ఎక్కారు. ఈసారి బాబాయ్‌ని ఎవరూ తొక్కమనలేదు. రోడ్డు మీద టైర్ల నల్లటి చారలు కనిపించాయి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకి. ఎవరో ఇద్దరు ఒక తాడుకు చెరో కొసా పట్టుకుని లాగినట్టున్నాయి. తరవాత చారలు రోడ్డు దిగిపోయాయి.

కారు పొదల్లోకి ముక్కు దూర్చి ఉంది. రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

"పిచ్చుకా!" అని అరిచింది కొలతమ్మ. మళ్ళీ అరిచింది.

"ఇక్కడున్నాం" అన్న మాట పొదల అవతలి నుంచి వినిపించింది.

గట్టు మీద, నీడలో, చిట్టి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూర్చుని ఉంది. పిచ్చుక ఆమెను వెనకనుంచి కౌగిలించుకుని వేలాడుతోంది. ఇద్దరికీ ఎక్కడా రక్తం లేదు. కొలతమ్మ ఆ ఇద్దరి ఒళ్ళూ తడిమింది, మళ్ళీ తడిమింది. పిచ్చుక తల్లి దగ్గరికి రాలేదు. అత్త మెడ ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అత్తని తిట్టకు" అంది.

"తిట్టను తల్లీ."

చిట్టి తలెత్తలేదు. "నువ్వు చెప్పినట్టే చేశా వదినా" అంది మెల్లగా. "కొట్లాడలేదు. కుడికి పోతోందని నాకు తెలుస్తూనే ఉంది. చేతులకి తెలుస్తోంది. నాకేం తెలుసులే, వదిన చూసి పంపిన బండి, నాకే భ్రమేమో అనుకున్నా. లారీ హారన్ కొడుతున్నా, ఇప్పుడు అదే సరిచేస్తుంది, ఇప్పుడు అదే సరిచేస్తుంది అనుకున్నా. ఇది 'అత్తా' అని కెవ్వుమంది. అప్పుడు లాగా. ఆ తరవాత అది ఒకవైపు, నేనొకవైపు. ఆపడానికి కూడా భయమేసింది, వెనక లారీలు. నాకు డ్రైవింగ్ రాదు వదినా. ఇంక జన్మలో ముట్టుకోను."

"నీకొచ్చు. నీ చేతులు చెప్పింది నిజం. బండే తప్పు చూసింది. దానికి తప్పు నేర్పింది నేను."

చిట్టి మొదటిసారి ముఖం పైకెత్తింది. కొలతమ్మ చెప్పింది. లోగో సంగతి, దారం సంగతి, బోర్డు ఎటు పోయిందో, అన్నీ. చెప్పేటప్పుడు ఏడవకూడదు అనుకుంది, ఏడవలేదు. బాబాయ్ కాస్త దూరంలో నిలబడి నేల చూపులు చూస్తున్నాడు.

"రోడ్డు మీద తోలి చూడలేదా ఇచ్చే ముందు?" అంది చిట్టి.

"ఇంటి బండే కదా అనుకున్నా. తోలి చూసినా ఊళ్ళోనేగా. ఆ వేగానికి అది నిద్రే లేవదు. డ్యాష్‌బోర్డు మీద బొమ్మ వెలిగితే సరే అనుకుంటాం."

చిట్టి ఆమె వైపు తిరిగింది. తరవాత అంది:

"మరి మిగతా బళ్ళు?"

"ఏ మిగతా బళ్ళు?"

"నువ్వు దారం లాగినవి. అద్దం పగిలిందంటే చాలావాటికి ముందుభాగం కూడా తగిలే ఉంటుంది కదా. బంపరు మారుస్తారు, లోగో మళ్ళీ అంటిస్తారు. అన్నీ సరిగ్గా మధ్యనే అంటించారా?"

కొలతమ్మ బాబాయ్ వైపు తిరిగింది.

"కంటితో చూసే అంటిస్తా అమ్మాయ్. నా కన్ను మరీ అంత... అంటే... బాగానే ఉంటుంది. లోగోతో ఎవరైనా కొలుస్తారని నాకేం తెలుసు? అది అందానికే కదా!"

గాలికి పొదలు కదులుతున్నాయి. పైన రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. దాని వెనకే కారొకటి, ఆ వెనక ఇంకోటి. కొలతమ్మ వాటి ముందద్దాల వైపు చూసింది. ఇంటికి పోయేవాళ్ళు, పిల్లల్ని ఎక్కించుకున్నవాళ్ళు. తను దారం లాగిన ఒక్కో బండీ ఇప్పుడు ఏదో ఒక రోడ్డు మీద పోతూ ఉంటుంది. పచ్చ టిక్కు చూసి సంతోషపడి, చేతులు వదులుగా పెట్టుకుని.

"ఈమధ్య బంపరు, అద్దం రెండూ మార్చింది దేనికి బాబాయ్? నీ షెడ్డులోంచి నా దగ్గరికి వచ్చినవి?"

"నర్సమ్మ కారు" అన్నాడు ఆయన వెంటనే. తరవాత తల గోక్కున్నాడు. "గ్యాస్ ఏజెన్సీ వ్యాను. ఆ తరవాత బట్టల షాపు కుర్రాడిది, ఎర్రది. ఇంకోటి... ఉండు, గుర్తొస్తుంది."

నర్సమ్మ రోజూ ఈ కొత్తరోడ్డు మీదే ఆసుపత్రి డ్యూటీకి పోయి వస్తుంది. రాత్రంతా మేలుకుని, పొద్దున్నే ఒంటరిగా తోలుకుంటూ. అద్దం బిగించిన రోజు ఆవిడ అడిగింది కూడా, నిద్ర ముంచుకొస్తే ఇది కాస్త కాపాడుతుందా అని. బాగా కాపాడుతుందండీ అంది కొలతమ్మ.

ఫోను తీసింది. ఓనరుకు ముందు చెప్పాలేమో అనిపించింది. చెబితే, తొందరపడకు, షాపు పరువు పోతుంది, రేపు కూర్చుని మాట్లాడదాం అంటాడు. ఆమె నర్సమ్మ నంబరు వెతికింది. చిట్టి ఫోను అందుకుని, నంబరు నొక్కి, తిరిగి ఇచ్చింది. పిచ్చుకను ఒళ్ళోకి లాక్కుంది.

రింగు పోతోంది. ఎత్తితే ఏం చెప్పాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? బండి తోలుతూ ఎత్తుతుందా? అసలు ఎత్తుతుందా?

"హలో, ఎవరండీ?" అంది అవతలి గొంతు. వెనక ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"ముందు స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకోండి" అంది కొలతమ్మ. "పట్టుకున్నారా? ఇండికేటర్ వేసి ఎడమ పక్కకి ఆపండి. ఫోను పెట్టెయ్యకండి. ఆగాక చెప్తా. నేనండీ, మీ అద్దం బిగించినదాన్ని."